తవుడుకు కొన్న పిల్ల

తెల్లవారేసరికి తూర్పున మబ్బు పట్టి ఉంది. మాఘమాసంలో పట్టాల్సిన మబ్బు కాదది. వానమబ్బులా నల్లగా లేదు, కడిగిన బాన అడుగున మిగిలిపోయిన మసిలా బూడిదరంగుగా, కదలకుండా, పొద్దుని కిందే అదిమిపెట్టి కూర్చుంది. గాలి లేదు. కల్లంలో పరిచిన మిరపకాయల మీద రాత్రి పడ్డ మంచు ఇంకా ఆరలేదు.

బుల్లయ్య కల్లం గట్టు మీద గొంతుక్కూర్చుని ఒక కాయ తీసి విరిచి చూశాడు. టప్పుమనలేదు. వంగింది.

ఇంకా మంచి ఎండ కావాలి. ఈ మబ్బు చినుకుగా దిగిందంటే కాయ తెల్లబడి తాలవుతుంది. తాలుకాయని మిర్చి యార్డులో ఎవరూ కన్నెత్తి చూడరు.

కల్లానికీ ఇంటికీ మధ్య దొడ్డిగోడ ఒక్కటే అడ్డం. ఆ గోడ అవతల నుంచి ఒక్క మాట కూడా వినిపించడం లేదు. ఆ ఇంట్లో పొద్దున లేస్తే తల్లీకూతుళ్ళ గొంతులు వీధి మలుపు దాకా వినబడేవి. ఆ ఫోను వచ్చిన రోజు నుంచి బుల్లయ్య భార్య సుబ్బరావమ్మ అతనితో మాట మానేసింది. కూడు పెడుతుంది, నీళ్ళు తోడుతుంది, మంచం వాలుస్తుంది. మాట మాత్రం లేదు.

అఖిల దొడ్డివాకిట్లో నిలబడి పిలిచింది. చేతిలో ఫోను ఉంది. రాత్రంతా నిద్రపోని కళ్ళు.

"నాన్నా, మిరపకాయలు తర్వాత చూసుకోవచ్చు. బాబాయ్ వాళ్ళు గుంటూరులో బస్సు మారారంట. కన్సల్టెన్సీ అనిల్ గారు కూడా బయల్దేరారు."

"ఇవాళ ఫోను ఎప్పుడు చేస్తారు ఆ వీసావాళ్ళు?"

"మధ్యాహ్నం లోపల. అమ్మానాన్నలతో మాట్లాడతాం అని మెయిల్లో పెట్టారు." ఆ మాట అనేశాక దాని అర్థం అప్పుడే తట్టినట్టు ఆగింది. "అంటే, బాబాయ్ వాళ్ళతో."

బుల్లయ్య తలూపాడు. చేతిలో వంగిన కాయని మళ్ళీ కాయల్లోకి విసిరాడు.

"ఆ రోజు నీకు చెప్పాను కదా నాన్నా. ఎవరైనా ఫోన్ చేసి అడిగితే పెదనాన్నని అని చెప్పమన్నాను. నాలుగుసార్లు నీ చేత అనిపించాను కూడా. సరేనన్నావు."

"అన్నాను."

"మరి?"

"నోటికి రాలేదమ్మా."

 అఖిలకి కెనడాలో చదువుకి సీటు వచ్చింది. పర్మిట్ ఒక్కటే మిగిలింది. అది కూడా వచ్చేసేదే. ఆ రోజు వీసా ఆఫీసు నుంచి ఫోనులో ఒక ఆడమనిషి చక్కటి తెలుగులో "అఖిల మీకేమవుతుందండి?" అని అడిగింది. బుల్లయ్య ఇలాగే కల్లంలో ఉన్నాడు. "నా కూతురమ్మా" అన్నాడు. "మరి యలమంద గారు ఎవరు?" అని అడిగింది. "నా తమ్ముడు. దానికి బాబాయ్" అన్నాడు.

అప్లికేషన్లో తండ్రి పేరు దగ్గర ఉన్నది యలమంద. చదివించే పెదనాన్నగా ఉన్నది బుల్లయ్య.

"ఇవాళ నీకు ఫోన్ రాదు," అంది అఖిల వెనక్కి తిరుగుతూ. "అదొక్కటే నయం."

*

యలమంద దాచేపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో లారీల కాంటా దగ్గర పనిచేస్తాడు. తలంతా నెరిసిపోయింది. వచ్చి చెప్పులు విడుస్తుంటే బుల్లయ్య తమ్ముణ్ణి ఎగాదిగా చూశాడు.

"ఏరా, అది నెరుపా, సిమెంటా?"

"రెండూ కలిసి గట్టిపడిందన్నయ్యా. ఇక ఊడదు."

ఎవరూ నవ్వలేదు. నవ్వాలని అన్న మాట కూడా కాదది.

యలమంద వెనక అతని భార్య వెంకటరావమ్మ వచ్చింది. బావగారిని చూసి కొంగు భుజం చుట్టూ లాక్కుని, వసారా చివర స్తంభానికి ఆనుకుని కూర్చుంది. అక్కడే కూర్చుంటుంది ఎప్పుడొచ్చినా. అఖిల ఈ కొసన ఉంటే ఆమె ఆ కొసన. అఖిల చిన్నప్పుడు కూడా ఎత్తుకోలేదు. తలకి నూనె రాయలేదు, జడ వేయలేదు. వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి తెస్తుంది. తెచ్చింది సుబ్బరావమ్మ చేతికి ఇస్తుంది.

ఇవాళ చిన్న సంచిలో రేగొడియాలు తెచ్చింది. సుబ్బరావమ్మ చేతికే ఇచ్చింది.

"దారిలో వాన పడిందా?" సుబ్బరావమ్మ అడిగింది.

"లేదక్కా. మబ్బు మాత్రం మా వెంటే వచ్చింది."

అనిల్ కుమార్ మోటారు సైకిలు దిగుతూనే దగ్గాడు. గుంటూరులో అఖిల చేత అప్లికేషన్ పెట్టించింది అతనే. ఇస్త్రీ చొక్కా, వీపున లాప్‌టాప్ సంచి. వసారాలోకి వచ్చేసరికి కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

"ఈ ఘాటులో ఎలా ఉంటారండి మీరు?"

"పుట్టిన దగ్గర్నుంచి దగ్గుతూనే ఉన్నాం బాబూ," అన్నాడు యలమంద. "మానితేనే తేడా చేస్తది."

అనిల్ కుమార్ మంచినీళ్ళు తాగి, కుర్చీ వసారా మధ్యకి లాక్కుని, పంతులు పిల్లల వంక చూసినట్టు అందరి వంకా చూశాడు.

"వాళ్ళకి వచ్చిన డౌట్ ఒక్కటే. కాగితంలో ఒక తండ్రి, ఫోన్లో ఒక తండ్రి. ఇందులో ఏదో అబద్ధం. అబద్ధం అని తేలితే ఈ అప్లికేషన్ పోవడమే కాదు, అయిదేళ్ళ దాకా మళ్ళీ పెట్టనివ్వరు."

"అబద్ధమేముంది ఇందులో?" బుల్లయ్య అడిగాడు. "తమ్ముడి కూతురు కూతురు కాదా?"

"మన వైపు అలాగే అంటాం సార్. వాళ్ళకి అలా కాదు."

"ఆవిడ తెలుగులోనే అడిగిందిగా."

"అడిగింది తెలుగులోనే సార్. రాసుకున్నది ఇంగ్లీషులో."

 ఆ ముక్క బుల్లయ్యకి అర్థమయింది. ధాన్యం కొలిచేటప్పుడు మన కుంచం వేరు, వాడి కుంచం వేరు అయితే ఎవడు దొంగో చెప్పలేం.

"ఇవాళ అందరూ ఒక్క మాట మీద ఉండాలి. తండ్రి యలమంద గారు. తల్లి వెంకటరావమ్మ గారు. బుల్లయ్య గారు పెదనాన్న. ప్రేమ కొద్దీ కూతురన్నారు. అంతే. అఖిలా, నువ్వు కూడా. వెనక నుంచి 'నాన్నా' అని పిలిచావంటే వాళ్ళకి ఫోన్లో వినబడుద్ది. ఇప్పటి నుంచే అలవాటు చేసుకో. ఏదీ, పిలువు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

అఖిల బుల్లయ్య వైపు చూడకుండా, అతని వెనక గోడ మీద ఉన్న క్యాలెండరు వైపు చూసింది.

"పెదనాన్నా."

తడబాటు లేకుండా వచ్చింది. రాత్రి తలుపేసుకుని లోపల అదే అనుకుంటూ ఉందేమోననిపించింది బుల్లయ్యకి. అతను "ఊఁ" అన్నాడు. ఏ పేరుతో పిలిచినా ఆ పిల్ల గొంతుకి అతని నోటి వెంట ఆ "ఊఁ" దానంతటదే వస్తుంది.

వంటింటి గుమ్మంలో సుబ్బరావమ్మ చేతిలోని చేట ఒకసారి చప్పుడయింది.

"యలమంద గారూ, అఖిల మీకేమవుతుంది?"

"కూతురండి." నేల చూపులు చూస్తూ అన్నాడు. అని, అలవాటు లేని పని చేసినవాడిలా అరచేతులు పంచెకి తుడుచుకున్నాడు.

"కొంచెం గట్టిగా చెప్పాలి. సరే. వెంకటరావమ్మ గారూ, మీరు చెప్పండి. అఖిల మీకేమవుతుంది?"

వెంకటరావమ్మ కొంగు ఇంకా దగ్గరికి లాక్కుంది.

"అమ్మా, మిమ్మల్నే."

స్తంభం మీద పెట్టిన ఆమె చెయ్యి కిందికి జారింది. 

"సిగ్గు పడతారేంటండి, ఉన్నమాటే కదా. బర్త్ సర్టిఫికెట్లో ఉంది, ఆధార్లో ఉంది, టెన్త్ సర్టిఫికెట్లో ఉంది. మీ నోటితో ఒక్కసారి అంటే చాలు."

"నేను అనను బాబూ," అంది వెంకటరావమ్మ.

యలమంద భార్య వైపు తిరిగాడు. "దారంతా చెప్పుకుంటూ వచ్చాం కదే. అంటానన్నావు."

"బస్సులో అన్నాను. ఇక్కడ అనలేను."

అఖిల లేచి నిలబడింది. "ఏంటి పిన్నీ ఇది? నా నాలుగేళ్ళ కష్టం ఇది. ఒక్క మాట అంటే ఏం పోతుంది?"

వెంకటరావమ్మ మొదటిసారి తలెత్తి అఖిలని నిండుగా చూసింది.

"నువ్వు పోతావే," అంది.

*

అనిల్ కుమార్ ఒకరి మొహం నుంచి ఇంకొకరి మొహంలోకి చూశాడు. చెప్పక తప్పక యలమందే చెప్పాడు. చెబుతున్నంత సేపూ గోడకేసి చూస్తూనే ఉన్నాడు.

"మాకు ముందు ఇద్దరు పుట్టి పోయారు బాబూ. ఒకళ్ళు పురిట్లోనే, ఒకళ్ళు పాలు మరిచాక. అఖిల పుట్టినప్పుడు మా అమ్మ బతికే ఉంది. ఇది కూడా దక్కదు, దక్కాలంటే అమ్మెయ్యాలి అంది. పిల్లని చేటలో పడుకోబెట్టి, మా వదిన తవుడు తెచ్చి పోస్తే, ఆ తవుడు తీసుకుని పిల్లని ఇచ్చేశాం. తవుడుకు అమ్మేసిన బిడ్డ మనది కాదు. మృత్యువొచ్చి వెతికినా మా ఇంట్లో కనబడదు. అందుకని."

"అందుకని మళ్ళీ మీ బిడ్డ అనకూడదా?"

"అనకూడదు."

"ఈ రోజుల్లో కూడా ఇలాంటివి..." అనిల్ కుమార్ నవ్వబోయి, పక్కన ఎవరూ నవ్వడం లేదని చూసి, సంచిలో ఏదో వెతుక్కున్నాడు. "మరి దత్తత కాగితం ఏదన్నా రాయించుకున్నారా అప్పుడు?"

"ఇంటి పిల్లని ఇంట్లో ఇచ్చి పుచ్చుకోడానికి కాగితం దేనికంది మా అమ్మ."

అఖిలకి ఈ కథ తెలుసు. చిన్నప్పుడు నవ్వుకునేది. కాలేజీలో ఫ్రెండ్స్‌కి చెప్పి నవ్వించింది కూడా. "నా రేటు శేరు తవుడు" అనేది.

బుల్లయ్య ఏనాడూ నవ్వలేదు. నమ్మాడా అంటే చెప్పలేడు. కానీ కోటప్పకొండ తిరునాళ్ళ అతను మరిచిపోలేదు. పిల్ల అప్పుడు నడక నేర్చింది. గాజులమ్మి వెంకటరావమ్మ చెయ్యి పట్టుకుని గాజులు ఎక్కిస్తూ, కాళ్ళ దగ్గర ఆడుతున్న పిల్లని చూసి "మీ అమ్మాయా తల్లీ, నీ పోలికే" అంది. వెంకటరావమ్మ పరధ్యానంగా "ఆఁ, మా అమ్మాయే" అంది. తిరుగు ప్రయాణంలో ట్రాక్టరు మీద పిల్లకి ఒళ్ళు కాలిపోయింది. కళ్ళు పైకి తిప్పేసింది. నరసరావుపేట ఆసుపత్రిలో గండం గడిచి బయటపడింది. ఎండదెబ్బ అన్నాడు డాక్టరు. వెంకటరావమ్మ ఆ ఆసుపత్రి గడప ఎక్కలేదు. బయట రోడ్డు మీద కూర్చుంది. కొత్త గాజులు అక్కడే రాయి మీద పగలగొట్టుకుంది.

అప్పటి నుంచీ ఆ మాట ఆమె నోట రాలేదు.

"పిన్నీ, అది ఎండదెబ్బ," అంది అఖిల. గొంతు తగ్గించి, చిన్నపిల్లకి చెప్పినట్టు. "ఎన్నోసార్లు చెప్పాను."

"ఎండ అందరికీ తగిలింది. నీకే దెబ్బ తగిలింది."

"అయితే నన్ను ఇక్కడే ఉండిపొమ్మంటావా? అయిదేళ్ళు తాలుకాయలు ఏరుకుంటూ కూర్చోమంటావా?"

వెంకటరావమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు గుమ్మంలో నుంచి సుబ్బరావమ్మ ముందుకు వచ్చింది. చేట ఇంకా చేతిలోనే ఉంది.

"ఏమయ్యా బాబూ. అందరి చేతా చెప్పిస్తున్నావు. నన్నడగవేం?"

అనిల్ కుమార్ మర్యాదగానే చెప్పాడు. "మీతో పని పడదమ్మా. అప్లికేషన్లో మీ పేరు ఎక్కడా లేదు."

 అఖిల ఒకడుగు తల్లి వైపు వేసింది. "అమ్మా, ఆయన ఉద్దేశం..."

"పెద్దమ్మ అను," అంది సుబ్బరావమ్మ. "అలవాటు చేసుకో."

ఆకాశం ఒకసారి దొర్లినట్టు ఉరిమింది.

*

ఉరుము వినగానే అందరూ కల్లానికి పరుగెత్తారు. మాటలు, పంతాలు వసారాలోనే ఉండిపోయాయి. చినుకు మిరపకాయని చూసి ఆగదు. దొడ్లో చుట్టి పెట్టిన పట్టాలు బుల్లయ్య, యలమంద లాక్కొచ్చారు. ఆడవాళ్ళు చీరలు బిగించి, పారలతో కాయని మధ్యకి నెట్టి కుప్పలు చేశారు. అఖిల చెప్పులు వదిలేసి వాళ్ళతో కలిసి నెట్టింది. అనిల్ కుమార్ అందరి ఫోన్లూ చేతిలో పట్టుకుని దొడ్డివాకిట్లో నిలబడి తుమ్ముతున్నాడు.

మొదటి చినుకులు లావుగా, దూరం దూరంగా పడ్డాయి.

పట్టా ఒక కొస బుల్లయ్య పట్టుకున్నాడు, రెండో కొస సుబ్బరావమ్మ పట్టుకుంది. రాయి బరువు పెడుతూ ఆమె, ఇన్ని రోజుల తర్వాత, మొగుడితో మాట్లాడింది. తల ఎత్తలేదు.

"నువ్వు ఫోన్లో ఆ మాట అన్నందుకు నేను మాట మానాననుకున్నావా?"

"కాదా?"

"నువ్వు అన్నదొక్కటే నిజం. అని, తప్పు చేసినవాడిలా తలొంచుకుని తిరుగుతున్నావే, అందుకు."

అతను రాయి కోసం వంగాడు.  

సుబ్బరావమ్మ పట్టా అంచు పట్టుకుని అవతలి మూలకి వెళ్ళింది. అక్కడ వెంకటరావమ్మ ఒక్కతే గాలికి లేస్తున్న కొసని మోకాలితో అదిమి పట్టుకుని ఉంది. తోడికోడళ్ళిద్దరూ ఒకే రాయి కోసం వంగారు. పట్టా మీద చినుకులు టపటపమంటున్నా బుల్లయ్యకి వాళ్ళ మాటలు వినబడ్డాయి.

"అనవే," అంది సుబ్బరావమ్మ. "దాని బతుకు ఆగిపోతుంది. అనేసెయ్."

"ఎట్టా అననక్కా. అమ్మేసుకున్న దాన్ని నాదని ఎట్టా అనను? నీ తవుడు నీకు తిరిగిస్తేనే కదా."

"ఇవ్వు మరి."

"ఏ తవుడు ఇవ్వను? ఆనాడే గేదెకి పెట్టాం. ఆ గేదె పోయి కూడా ఎన్నేళ్ళయింది."

సుబ్బరావమ్మకి నవ్వొచ్చినట్టుంది. ఆ నవ్వు మధ్యలోనే తెగింది. చేతులకంటిన కారం మరిచిపోయి కళ్ళు తుడుచుకుంది, మండితే మోచేత్తో అదుముకుంది. 

"ఎరువిస్తాను," అంది సుబ్బరావమ్మ.

"ఏంటి?"

"పెళ్ళిళ్ళకి నగ ఎరువిచ్చినట్టు. పిల్ల నాదే. నీకు ఇవాళ్టికి ఎరువిస్తున్నాను. నీ బిడ్డని నువ్వు అడుగుతున్నట్టు కాదు, నా బిడ్డని నేను ఇస్తున్నట్టు. ఫోను అయిపోగానే మళ్ళీ నా చేతిలో పెట్టు. తీసుకో అక్కా అని నోటితో చెప్పు. అప్పుడు ఏ దోషమూ అంటదు."

"అంటదంటావా?"

"నేను కొన్నదాన్ని. నా మాట చెల్లుద్ది."

వెంకటరావమ్మ తడిసిన చేతుల్ని దోసిలి పట్టింది. ఎందుకు పట్టిందో ఆమెకే తెలియదేమో. ఆ దోసిట్లో సుబ్బరావమ్మ ఏమీ పెట్టలేదు. తన చెయ్యి ఒకసారి తాకించి తీసేసింది.

బుల్లయ్య ఇవతల రాయి పెడుతూ ఆగిపోయాడు. తల్లి బతికున్నప్పుడు ఇంట్లో ఆడవాళ్ళు ఎవరన్నా పెళ్ళికి నగ ఎరువడిగితే ఆ ముసలిది ఒకటే సామెత అనేది. ఎరువు సొమ్ము బరువు చేటు. చేటు అన్న ఆ చివరి మాట దగ్గర అతని ఆలోచన ఆగిపోయింది. అరిచి వద్దని చెప్పాలనిపించింది.

"యలమంద గారూ, ఫోనొస్తోంది," అని దొడ్డివాకిట్లోంచి అనిల్ కుమార్ కేక వేశాడు.

*

వసారాలో అందరూ తడి బట్టలతో నిలబడ్డారు. అనిల్ కుమార్ స్పీకరు పెట్టి, వేలు పెదవుల మీద పెట్టుకుని, ఎవరూ మాట్లాడొద్దని సైగ చేశాడు.

అదే ఆడగొంతు. మెత్తగా, తొందర లేకుండా. బుల్లయ్య గుర్తుపట్టాడు.

యలమంద చెప్పాల్సింది చెప్పాడు. పేరు, ఊరు, పని. అఖిల ఏమవుతుందంటే కూతురన్నాడు. ఈసారి గట్టిగానే అన్నాడు. మెడ మీద నరం లేచింది.

"ఒకసారి అమ్మగారికి ఇస్తారా?"

ఫోను వెంకటరావమ్మ చేతికొచ్చింది. ఆమె దాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

"వెంకటరావమ్మ గారేనా అండి?"

"అవునమ్మా."

"అఖిల మీకేమవుతారు?"

చూరు నుంచి నీళ్ళు కారుతున్నాయి. 

"హలో, వినబడుతోందా అండి?"

వెంకటరావమ్మ సుబ్బరావమ్మ వైపు చూసింది. సుబ్బరావమ్మ అనమన్నట్టు తలాడించింది.

"నా కూతురు," అంది వెంకటరావమ్మ.

"మీ సొంత కూతురా?"

"నేను కన్న కూతురమ్మా."

"మరి బుల్లయ్య గారు మాతో మాట్లాడినప్పుడు నా కూతురు అన్నారు. ఎందుకలా అన్నారంటారు?"

"మా బావగారండి ఆయన. పెదనాన్న కదా, ప్రేమ కొద్దీ అట్టా అంటారు."

అనిల్ కుమార్ బొటనవేలు ఎత్తి చూపించాడు. చెప్పించిన మాట చెప్పించినట్టే వచ్చింది. అక్కడితో ఆగాలి.

ఆగలేదు.

"నా కూతురే అమ్మా," అంది వెంకటరావమ్మ. గొంతు మారింది. "ముందు ఇద్దరు పోయారు. బతికింది ఇదొక్కతే. మూడు దినాలు నొప్పులు పడి కన్నాను. ఎడం చెవి వెనక పుట్టుమచ్చ ఉంటది, నాకూ అక్కడే ఉంది. నా కూతురు. నా కూతురే."

దప్పికతో అల్లాడినవాడికి చెంబు అందితే పెదవులకి ఎత్తిపెట్టి దించనట్టు, ఆ ఒక్క మాటని ఆమె దించలేదు. అనిల్ కుమార్ చాలు చాలని చేతులు ఊపాడు. యలమంద ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. అఖిల చెయ్యి మెల్లగా పైకి లేచి ఎడం చెవి వెనక తడుముకుంది. అక్కడ మచ్చ ఉందని ఆమెకి ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

చెప్పాల్సింది రోజూ జడ వేసిన మనిషి. సుబ్బరావమ్మకి ఆ మచ్చ తెలుసు. ఎవరి పోలికో కూడా తెలుసు.

"సరేనండి. థాంక్యూ," అంది ఫోనులో గొంతు. "చూసి తెలియజేస్తాం."

ఫోను ఆగింది.

"పాస్ అయినట్టే," అన్నాడు అనిల్ కుమార్. "కొంచెం ఎక్కువ మాట్లాడారు కానీ, మంచిదే. నేచురల్‌గా ఉంది."  అతను ఒకసారి ఆకాశం వైపు, ఒకసారి ఈ మనుషుల వైపు చూసి, వాన పెద్దదయ్యేలోపల వెళ్తానని మోటారు సైకిలు తీశాడు. భోజనం చేసి వెళ్ళమని కూడా ఎవరూ అనలేదు. ఆ ఇంట్లో అట్లా జరగడం అదే మొదలు.

సుబ్బరావమ్మ వసారా మధ్యకి వచ్చి నిలబడింది.

"పనైపోయిందిగా," అంది తోడికోడలితో. "ఏదీ, అను."

వెంకటరావమ్మ ఫోనుకి అంటిన కారం కొంగుతో తుడిచింది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది.

"వెంకటరావమ్మా."

"వింటున్నానక్కా."

"తీసుకో అను."

వెంకటరావమ్మ ఫోను మొగుడి చేతికి ఇచ్చింది. పైకి లేచింది. స్తంభం దగ్గరకి పోలేదు. అఖిల ముందు నుంచి, ఇంచుమించు ఆమె భుజానికి రాసుకుంటూ, వంటింట్లోకి నడిచింది. "అందరూ తడిశారు. అన్నాలు వడ్డిస్తాను," అంది లోపల నుంచి.

ఆ వంటింట్లో ఆమె ఇన్నేళ్ళలో ఒక్క కంచం కూడా తన చేత్తో దించలేదు. ఇప్పుడు కంచాలు ఒకదాని తర్వాత ఒకటి నేల మీద పెడుతున్న చప్పుడు వచ్చింది.

"ఏంటమ్మా, ఏం అనమంటున్నావు పిన్నిని?" అఖిల అడిగింది.

సుబ్బరావమ్మ బుల్లయ్య మొహంలోకి చూసింది. అతను చూపు తిప్పుకున్నాడు.

*

వంటింట్లో వరసగా కూర్చున్నారు. బుల్లయ్య, పక్కన యలమంద, ఎదురుగా అఖిల. అఖిలకి అటు సుబ్బరావమ్మ కూర్చుంది. వడ్డన అయ్యాక వెంకటరావమ్మ తన కంచం తీసుకుని, ఉన్న చోటంతా వదిలి, అఖిలకి ఇటుపక్క కూర్చుంది.

పప్పు, కొరివికారం, మజ్జిగ. అఖిల కంచంలో అన్నం మీద నెయ్యి వెంకటరావమ్మే వేసింది. ఒకసారి వేసి, మళ్ళీ వేసింది. అఖిల వద్దనలేదు.

బయట వాన పట్టాల మీద ఒకే ధాటిగా పడుతోంది. గాలికి ఏదో కొస విడిపోయి పటపట కొట్టుకుంటోంది. లేచి వెళ్ళి రాయి పెట్టాలని బుల్లయ్యకి తెలుసు. లేవలేదు. తను లేస్తే ఈ వరసలో ఏదో కదులుతుందనిపించింది. కాయ తాలైతే అయింది.

 ఉప్పు కావాలని, పప్పు కావాలని కూడా ఎవరూ అడగలేదు. ఎవరి కంచంలోకి వాళ్ళు చూసుకుంటూ తింటున్నారు.

అఖిల కొరివికారం కలిపిన ముద్ద నోట్లో పెట్టుకుంది. పొలమారింది.

పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారంటారు. తల మీద తట్టాలి. చిన్నప్పటి నుంచీ ఆ తల మీద తట్టిన చెయ్యి ఒక్కటే. ఇవాళ అటు నుంచీ ఇటు నుంచీ రెండు చేతులు లేచాయి.

వెంకటరావమ్మ చెయ్యి ముందు చేరింది. మెల్లగా, నేర్చుకుంటున్నట్టు, నడినెత్తి మీద తట్టింది. సుబ్బరావమ్మ చెయ్యి గాలిలో ఆగింది. అలాగే కిందికి వచ్చి తన కంచంలోని మెతుకుల్ని దగ్గరకి తీసింది.

దగ్గు ఆగలేదు. అఖిల మొహం ఎర్రబడింది, కళ్ళు నీళ్ళతో నిండాయి.

"నీళ్ళు," అంది.

ఆ మాటకి ముందు ఎవర్నీ పిలవలేదు. అమ్మా అనలేదు, పిన్నీ అనలేదు. ఎవరు లేవాలో తెలియక ఇద్దరూ కూర్చునే ఉన్నారు.

బుల్లయ్య తన చెంబు ముందుకు తోశాడు. అఖిల ఎత్తి తాగింది. తాగాక కూడా దగ్గుతూనే ఉంది, ముద్ద ముద్దకీ ఆగి ఆగి దగ్గుతూనే అన్నం తింటోంది. నలుగురూ తలలు వంచుకుని ఆ దగ్గు వింటూ, మాటల్లేకుండా, కంచాలు ఖాళీ చేస్తున్నారు.